నీళ్లు దిగే ఇసక

జల్లెడ పట్టి, పనికొచ్చే ఇసకంతా పారబోసి, పారబోయాల్సినదాన్ని భద్రంగా గనిలో నింపిన ఘనుణ్ని నేను. ఈ సంగతి మొదటే ఒప్పేసుకుంటే చదివేవాళ్ల దగ్గర కాస్త జాలి దొరుకుతుందని ఆశ. మా ఇంట్లో మాత్రం దొరకలేదు. ఇప్పటికీ మా ఆవిడ రాగిపిండి జల్లించేటప్పుడు నన్ను వంటింట్లోకి పిలిచి, "బావా, నువ్వు చదువుకున్నోడివి. ఇందులో ఏది ఉంచుకోవాల, ఏది పారెయ్యాల, స్వల్ప చెప్పిపో" అంటుంది. నేను చెప్పను. చెబితే ఆ రోజుకు సంగటి ఉండదేమోనని భయం.

నేను కాంక్రీటు మనిషిని. మా తాత బంగారం కోసం ఆంధ్రా పల్లెనుంచి వచ్చి కేజీఎఫ్ గనిలో దిగాడు. మా నాయన కూడా దిగాడు. నా వంతు వచ్చేసరికి గనులే మూతపడ్డాయి. ఊరిగాంలో కంపెనీవాళ్లు కట్టిన లైను ఇంట్లో పెరిగి, డిప్లొమా చేసి, కోలారు దగ్గరి నరసాపురం వైపు ఫ్యాక్టరీలకు నేలలు పోసే పనిలో చేరాను. పదిహేనేళ్లు అదే పని. అద్దంలాంటి నేల, చుక్క కారని గోడ, ఇవే నా మతం. ఎక్కడైనా నీళ్లు కారితే మాట పడేది నేనే కాబట్టి, కారే నీళ్లంటే నాకు పాముకన్నా భయం.

అలాంటివాణ్ని ఒక చిన్న గనిలోకి తెచ్చి పెట్టింది మా మామ. ఆయన మా అమ్మకు అన్న, పిల్లనిచ్చిన మామ కూడా. అంటే నన్ను తిట్టడానికి ఆయనకు రెండు రకాల హక్కులున్నాయి. ముప్ఫై ఏళ్లకు పైగా కేజీఎఫ్ లోతుల్లో పనిచేసి, గనులు మూశాక కేజీఎఫ్ పేటల్లో ఒకటైన కోరమండల్‌లో కార్మికుల పాత ఇంట్లో రెండు ఆవులను పెట్టుకుని బతుకుతున్నాడు. కేజీఎఫ్‌నుంచి గంటన్నర దూరంలో, ఆంధ్రా సరిహద్దు వైపున్న ఒక గుట్టలో తెల్లరాతి చార పట్టుకుని చిన్న గని ఒకటి మొదలైంది. పట్టుమని ముప్ఫైమంది ఉండరు. నేల కింద నిలబడటం తెలిసినవాళ్లు ఆ ముప్ఫైమందిలో ఇద్దరో ముగ్గురో. అందుకే రిటైరైన మా మామను జీపు పంపి మళ్లీ తీసుకుపోయారు. ఆయన తన కొడుకును, అంటే నా బామ్మర్దిని, పనిలో పెట్టుకున్నాడు. పైన ఇసక సిద్ధం చేసే పనికి సిమెంటు తెలిసినవాడు కావాలంటే నా పేరు చెప్పాడు. ఆ తర్వాత తన నోటిని తానే చాలాసార్లు తిట్టుకున్నాడు.

మొదటిసారి కిందికి దిగిన రోజు నాకు బాగా గుర్తు. ఏటవాలు బాటలో కొంతదూరం, తర్వాత ఇనుప నిచ్చెనలు. పైన ఎండ మాడుస్తుంటే కింద రాయి చల్లగా, తడిగా ఉంది. చివరి నిచ్చెన దిగి ఒక మూల తిరిగాక మామ ఆగి, తన తలమీది దీపం పైకెత్తాడు.

"సూడప్పా. ఇదే స్టోపు."

బంగారు రాయిని తవ్వి తీసుకున్నాక మిగిలే ఖాళీని గనిలో స్టోపు అంటారు. ఖాళీ అంటే గదిలాగా ఉంటుందనుకున్నాను. అది గది కాదు, కొండకు పెట్టిన కోత. రెండు రాతి గోడలు పక్కకు ఒరిగి, చెయ్యి చాపితే ఈ గోడనుంచి ఆ గోడ అందేంత దగ్గరగా, పైకి పోతూనే ఉన్నాయి. నా దీపం వెలుగు కొంతదూరం పోయి, ఇంక నావల్ల కాదన్నట్టు ఆగిపోయింది. ఆ పైన చీకటి. దాని మీద కొండ. కొండ మీద ఎవరిదో మామిడితోట, పాక, పాకలో ఆవు. అంత బరువును ఇన్నాళ్లూ మోసిన రాయిని మనం తీసేశాం. మరి ఇప్పుడు ఎవరు మోస్తున్నట్టు? నా నోరు తెరుచుకునే ఉండిపోయింది.

"నోరు మూసుకో అల్లుడా, దుమ్ము పోతాది" అన్నాడు మామ. తర్వాత గొంతు తగ్గించి, "కొండకు తెలుసప్పా, ఈడ ఖాళీ ఉండాదని. నిదానంగా వస్తా ఉంటాది. అది వచ్చేలోపల మనం నింపాల. అంతే మన పని" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు చిన్నతనం గుర్తొచ్చింది. కేజీఎఫ్‌లో పెరిగినవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. కొన్నిసార్లు లోపల రాయి ఒత్తిడి తట్టుకోలేక పేలేది. ఇళ్లు అదిరేవి, గూట్లో గ్లాసులు గలగలమనేవి. అప్పుడు మా అమ్మ చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయేది. లైనులో ఏ ఇంటినుంచీ మాట వినపడేది కాదు. ఆడవాళ్లంతా గడపల్లోకి వచ్చి, గనిలోకి మనుషుల్ని దించే షాఫ్టు వైపు చూసేవాళ్లు. మా నాయన ఇంటికొచ్చి చెప్పులు విడిచాకే ఆ గరిటె కిందికి దిగేది. ఆ అదురు కొండ రావడమేనని, ఖాళీని వెతుక్కుంటూ వచ్చేదని, నలభై దాటాక ఒక చిన్న గనిలో నోరు తెరిచి నిలబడితేగాని నాకు అర్థం కాలేదు.

ఆ స్టోపు అడుగున, బయటికి తెరుచుకునే చోట, మామ రాతిగోడ కట్టించాడు. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి, సందుల్లో చిన్నరాళ్లు, లోపలివైపు గోనెపట్ట, బయటివైపు దుంగల ఆసరా. పైనుంచి పైపులో ఇసక, నీళ్లు కలిపి పంపితే గోడ వెనక ఇసక నిలవాలి. ఆ గోడకు ఇవతల సొరంగంలో ఆరుగురు రాయి మోస్తుంటారు. అందులో నా బామ్మర్ది ఒకడు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు. గోడకు ఆవల నా ఇసక, ఈవల నా బామ్మర్ది.

గోడ కట్టడం అయిపోయిన మరునాడే మామకు కంటి ఆపరేషన్. పోయే ముందు నాకు చెప్పింది రెండే మాటలు. "ఇసక కడిగి పంపు. తొందరపడొద్దు."

నింపడం నింపాదిగా చేయాల్సిన పని అని ఆయన భావం. కానీ నాకు డిప్లొమా ఉంది కదా, ఊరుకోనిస్తుందా? మిల్లు వెనక ఇసక గుట్టగా పడి ఉంది. రాయిని నలగ్గొట్టి, బల్లల మీద నీళ్లతో కడిగి బంగారం ఏరుకున్నాక మిగిలిన పొడి అది. అందులో పంచదారలాంటి పలుకూ ఉంది, విభూతిలాంటి మెత్తటి దుమ్మూ ఉంది. కడగడమా? మా కోలారులో వెయ్యి అడుగులు బోరేసినా గాలే వస్తుంది. ఉన్న నీళ్లన్నీ ఇసకకు స్నానం చేయిస్తే రేపు మనుషులకు? కడగడంకన్నా జల్లించడం మేలని నా అంతట నేనే తీర్మానించాను. మేం గోడలకు పూత పూసే ఇసకను జల్లించి, మెత్తటిది వాడుకుని, పలుకు పక్కన పోస్తాం. పదిహేనేళ్లుగా చేతులకు తెలిసిన పని. చేతులు చేస్తుంటే తలను ఎవరడుగుతారు?

వారం పైగా జల్లించాం. మెత్తటి పొడి మల్లెపూల కుప్పలా తయారైంది. చేత్తో పట్టుకుంటే పట్టుబట్ట జారినట్టు జారేది. పలుకునంతా వెనక వంకలో పోయించాను. దారిన పోతూ చూసిన నా బామ్మర్ది అడిగాడు కూడా.

"బావా, నాయన ఇట్లా చెప్పలేదే?"

"మీ నాయన కాలం వేరప్పా. ఇది చూడు, ఎంత మెత్తగుండాదో! సందు లేకుండా పూడుకుంటాది."

"ఏమో, నాకు తెలీదు. కింద ఉండేది నేను, అంతే" అని నవ్వి, అన్నం క్యారియరు ఊపుకుంటూ నిచ్చెన దిగిపోయాడు.

నింపడం మొదలైంది. తొట్టిలో నీళ్లు, పొడి కలిసి బూడిదరంగు మజ్జిగలా పైపులోకి దిగుతుంటే, పైపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. లోపల సర్రుమని ఏదో బతికున్నది పరిగెత్తుతున్నట్టుంది. ఒక గుట్ట పిండిని ఇంకో గుట్ట కడుపులోకి నా చేతి కిందుగా పంపుతున్నాననే గర్వం. బుర్రకూ బురదకూ పెద్ద దూరం లేదని అప్పటికి తెలియదు.

రెండోరోజు కిందికి పోయి చూస్తే గోడ సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. అవీ బురదనీళ్లు. నా పదిహేనేళ్ల పరువు కళ్లముందే కారిపోతున్నట్టనిపించింది. త్వరగా గట్టిపడే సిమెంటు తెప్పించి, నా చేత్తోనే సందులన్నీ మెత్తాను. ఒక సందు మూస్తే ఇంకో సందులో ఊరేది. దాన్నీ మూశాను. సాయంత్రానికి గోడ పొడిగా, నున్నగా, కొత్త పెళ్లికొడుకులా నిలబడింది. మర్నాడు పొద్దున మళ్లీ పైపు వదిలాం. గోడ చుక్క కార్చలేదు. ఆనందం పట్టలేక ఫొటో తీసి, పైకి రాగానే, మామను చూసుకోవడానికి పుట్టింటికి పోయిన మా ఆవిడ ఫోనుకు పంపాను. "మామకు చూపించు" అని రాశాను. ఒక కంటికి పట్టీ వేసుకున్న మనిషికి ఫొటో చూపించమనడం నా మర్యాద.

ఆ రోజు నేను గొప్ప చెప్పుకోకపోయి ఉంటే ఈ కథను ఇంత తీరిగ్గా చెబుతూ ఉండేవాణ్ని కాదు. నా జీవితంలో నా డాంబికం ఎవరికైనా మేలు చేసిందంటే అది ఆ ఒక్కసారే.

అయిదు నిమిషాల్లో ఫోను మోగింది. మామ గొంతు.

"నీ పెండ్లాము చెప్తాండాది, గోడ ఒక చుక్క కూడా కారలేదంట. నిజమేనా?"

"ఒక్క చుక్క కూడా లేదు మామా!"

"కింద ఎవురుండారు?"

"బామ్మర్ది, ఇంగా అయిదుగురు."

"పైపు ఆపు. అందర్నీ పైకి పిలువు. ఇప్పుడే. ఇంగ నువ్వు ఏం మాట్లాడొద్దు."

ఆ గొంతులో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది. పైపు ఆపించాను. లోపలి ఫోనులో కేక వేశాను. ఆరుగురూ గొణుక్కుంటూ పైకి వచ్చారు. నా బామ్మర్ది అన్నం క్యారియరు కిందే మరచి వచ్చానని, మళ్లీ దిగుతానని బయలుదేరితే చొక్కా పట్టుకుని ఆపాను. ఎందుకని అడిగాడు. "మీ నాయన చెప్పినాడు" అన్నాను. మొదటిసారి ఆ మాట నా నోటినుంచి వచ్చింది.

మామ ఆటోలో వచ్చాడు. ఒక కంటికి పచ్చని గుడ్డ పట్టీ, దానిమీద నల్లద్దాలు, వాటిమీద హెల్మెట్టు. వెంట మా ఆవిడ. "కన్ను పోతే నువ్విస్తావా బావా?" అని ఆటో దిగకముందే నన్ను అడిగింది. మామ అవేమీ పట్టించుకోకుండా నన్నొక్కణ్నే తీసుకుని కిందికి దిగాడు. దిగుతున్నప్పుడు నిచ్చెన మెట్టు కోసం ఆయన కాలు గాల్లో వెతుక్కోవడం నేను కిందినుంచి చూశాను. ఒక కంటికి లోతు తెలియదు. ఆయన పాదాన్ని పట్టుకుని ఒక్కొక్క మెట్టు మీద పెట్టాను. కాళ్లు పట్టుకోవడం అంటే అదీ.

గోడ దగ్గరికి పోయి ఆయన తన అరచేతిని దానిమీద ఆనించాడు. తర్వాత, "చెయ్యి పెట్టు" అన్నాడు.

పెట్టాను. రాయి చల్లగా ఉంది. ముందు ఏమీ తెలియలేదు. తర్వాత తెలిసింది. గోడ ముందుకు ఉబ్బి ఉంది, ఒక కడుపులా. దుంగల్లో ఎక్కడో సన్నగా, తలుపు మడతబందులాగా, కిర్రుమంది. ఆగి మళ్లీ కిర్రుమంది. నా అరచేతికి ఆవల ఇసక లేదు. నీళ్లు వదిలిపెట్టని మెత్తటి బురద, నిలువెత్తు పైన నిలువెత్తు, బయటికి దారి వెతుక్కుంటూ నిలబడి ఉంది. దారులన్నీ నేనే మూశాను.

"ఇసక కడగమన్నది ఎందుకు? మెత్తది పోవాల, పలుకు మిగలాల. పలుకులో నీళ్లు దిగతాయి. గోడ సందులు ఎందుకు వదిలినాను? దిగిన నీళ్లు కారిపోవాల. గోడ కారతా ఉంటే మనకు మేలప్పా. తేటగా కారాల. కారడం మానిందంటే..." అని ఆగి, "దా, ఇట్లా వెనక్కి రా" అన్నాడు.

సొరంగం మలుపులో రాతి స్తంభం వెనక నిలబడి, పొడవాటి ఇనుప కడ్డీతో, గోడ పైవరసలో నేను మెత్తిన సిమెంటును పొడవడం మొదలుపెట్టాడు. కడ్డీ నేను పడతానంటే ఇవ్వలేదు. "నీకు మూసేది తెలుసు, తెరిచేది నాకు తెలుసు" అన్నాడు. మూడో పోటుకు సిమెంటు పెంకు ఊడింది. బురద పిచికారీలా చిమ్మి, సొరంగం దాటి, ఎదుటి రాతికి కొట్టుకుంది. ఆ చప్పుడు చెంపదెబ్బలా ఉంది. తర్వాత దానికింద ఇంకొకటి, దానికింద ఇంకొకటి. ఆ ఒంటికన్ను మనిషి ఏ సందు తర్వాత ఏ సందు తెరవాలో ఒక్కసారైనా తడుముకోలేదు. మధ్యమధ్య ఆగి, దుంగల కిర్రును చెవితో చూసేవాడు. అవును, చూసేవాడు అనే రాయాలి. కిర్రు ఆగిందాకా ఆగి, మళ్లీ పొడిచేవాడు. బురద మోకాలిదాకా వచ్చి, మెల్లగా పారిపోయింది.

ఎదుటి గోడ కింద, రోజూ ఆరుగురు కూచుని అన్నం తినే చోట, నా బామ్మర్ది క్యారియరు మూత ఊడి పడి ఉంది. మూడు గిన్నెలూ బూడిదరంగు మెత్తటి బురదతో అంచులదాకా నిండి ఉన్నాయి. నేను సందు లేకుండా నింపిన మొదటి పాత్రలు అవే. మామ వాటిని చూశాడు. నేనూ చూశాను. ఆయన వంగి, గిన్నెలను క్యారియరు పిడికి తగిలించి, నా చేతికిచ్చాడు.

ఆ తర్వాతి రోజుల గురించి క్లుప్తంగా చెబుతాను. గోడ తెరిచి, నేను నింపిందంతా నేనే పారతో తీయించాను. వెనక వంకలో పారబోసిన పలుకును నేనే బుట్టలతో ఎత్తించాను. ఆ వంకకూ మిల్లుకూ మధ్య ఎన్ని అడుగులో నా మోకాళ్లకు కంఠస్థం. ఇసకను తొట్లలో పోసి నీళ్లు వదిలితే మెత్తటి బురద పైకి తేలి అంచుమీదినుంచి పోతుంది, పలుకు అడుగున కూచుంటుంది. పోయిన నీళ్లను ఇంకో గుంటలో తేర్చి మళ్లీ వాడుకోవచ్చు. నేను అంతగా జాలిపడ్డ నీళ్లకు దారి అంత తేలిక. అడిగి ఉంటే మామ ఆ మొదటిరోజే చెప్పేవాడు.

అప్పుడే మామ తన పరికరం బయటికి తీశాడు. పాత నూనె డబ్బా. అడుగున మేకుతో పొడిచిన చిల్లులు, లోపల ఒక గుడ్డముక్క. కడిగిన ఇసకను అందులో సగానికి పోసి, తట్టి, పైన నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు పోయాలి. పోయగానే ఆయన ఒక తమలపాకుకు సున్నం రాసి, వక్క పెట్టి, నోట్లో వేసుకునేవాడు. ఆకు నమలడం పూర్తయేలోపల పైనున్న నీళ్లు ఇసకలోకి దిగిపోవాలి. కిందినుంచి కారే నీళ్లు తేటగా ఉండాలి. అంతే.

నేను ఫోనులో గడియారం పెట్టుకుని కూచున్నాను. ఆయన గడియారం దవడలో ఉంది. మొదటిసారి ఆయన ఆకు నమిలి, ఉమ్మి, నోరు పుక్కిలించి, ఆవుల గురించి మాట్లాడటం మొదలుపెట్టినా నీళ్లు దిగలేదు. డబ్బాలోకి తొంగిచూసి, "ఇంగొకసారి" అన్నాడు. మళ్లీ కడిగాం. "ఇంగొకసారి." తిట్టలేదు, కసురుకోలేదు. తిడితే ఎదురు చెప్పొచ్చు. "ఇంగొకసారి" అన్న మాటకు ఏం ఎదురు చెబుతాం? ప్రతి తొట్టికీ డబ్బా, ప్రతి డబ్బాకీ ఆకు. ఒక మధ్యాహ్నం ఆయన అన్నం తిని కునుకు తీస్తుంటే, లేపడం ఎందుకని డబ్బా చూడకుండానే ఒక తొట్టి పంపబోయాను. కళ్లు మూసుకునే, "అల్లుడా, ఇంగొకసారి" అన్నాడు. ఆ మాట నాకు కలల్లో కూడా వినపడేది.

రానురాను నా చేతికి తెలిసిపోయింది. పిడికెడు తడి ఇసక పిసికి వదిలితే, మెత్తది ఉంటే ముద్ద కట్టి అరచేతికి అంటుకుంటుంది. మంచిదైతే వేళ్ల మధ్యనుంచి విడిపోతుంది, అరచెయ్యి శుభ్రంగా మిగులుతుంది. పదిహేనేళ్లు ఇసకలో బతికినవాణ్ని, ఇసక ఇంత మాట్లాడుతుందని ఎరగను. నీటిని పోనిస్తేనే గట్టిపడే నేల ఒకటుందని, పోనివ్వకపోతే అదే బురదై మనుషుల మీద పడుతుందని, నా చదువు నాకు చెప్పలేదు. చెప్పిందేమో, ఆ రోజు నేను జల్లించి పారేసి ఉంటాను.

రెండోసారి నింపడం మొదలయ్యాక మామ గోడముందు స్టూలు వేసుకుని కూచున్నాడు. సందులన్నీ కారుతున్నాయి. మొదట కాస్త బూడిదరంగు, తర్వాత పలచన, తర్వాత తేట. ఆయన ఒక స్టీలు గ్లాసులో పట్టి, దీపం ముందు పెట్టి చూశాడు. గ్లాసు అడుగు మెరిసింది. నా బామ్మర్ది పక్కన నిలబడి ఉన్నాడు. మామ గ్లాసును వాడి చేతికిచ్చి, "ఇంగ పనికి పో" అన్నాడు. వాడు నావైపు తిరిగి, "బావా, ఈసారి నువ్వు జల్లించలేదు కదా?" అని అడిగి మరీ పోయాడు. వాడి దీపం సొరంగం చివర మలుపు తిరిగిందాకా మామ స్టూలు మీంచి లేవలేదు. అప్పుడుగాని నాకు తెలియలేదు, ఈయన ఇన్నిరోజులూ "ఇంగొకసారి" అన్నది ఇసకతో కాదు, నాతోనూ కాదు. తన కొడుకును ఆ గోడముందుకు పంపడానికి ధైర్యం చాలేదాకా తనకు తానే చెప్పుకున్నాడు.

కొన్ని వారాలకు స్టోపు నిండింది. ఇసక పైపొరలో మాత్రం కాస్త సిమెంటు కలిపారు. ఆ పని నాకే ఇచ్చారు, మర్యాదకు. గట్టిపడ్డాక మామతో కలిసి పైదారిలోంచి దాని మీదికి పోయాను. నా దీపం వెలుగు మొదటిరోజు చేరలేక ఆగిపోయిన చోటు అది. ఇప్పుడు అక్కడ నేను నిలబడి ఉన్నాను. కాళ్లకింద నేల. పిడికెడు పిడికెడుగా నా చేతిలోంచి పోయిన నేల. చెయ్యెత్తితే పైన రాయి తగిలింది. చల్లగా, తొణక్కుండా ఉంది. ఆ పైన మామిడితోట, పాక, ఆవు. వాటికి ఏమీ తెలియదు. తెలియకుండా ఉండటమే మేం చేసిన పని. కాలు మోపి గట్టిగా తొక్కాలనిపించలేదు, ఎవరి భుజం మీదనో నిలబడినట్టుంది. చెప్పులు విడిచిపెట్టి వచ్చి ఉంటే బాగుండునని, బూట్ల వైపు చూసుకున్నాను.

"ముందు మనమే వచ్చినాము" అన్నాడు మామ, పైరాయిని తట్టి. కొండతోనే అన్నాడు.

అంతవరకూ బాగానే ఉంది. ఇంత నేర్పినందుకు ఆయనకు రుణపడి ఉన్నాను. కానీ నేను కూడా మనిషినే కదా.

మొన్న వానలకు ముందు ఒక ఆదివారం, కోరమండల్‌లో మామ ఇంటి వెనక ఆవులకొట్టం గోడ పని పెట్టుకున్నాడు. వెనకంతా గట్టు. ఏటా వానకు గట్టుమట్టి నాని, గోడను ముందుకు తోసేది. పాత గోడ పడగొట్టి రాతిగోడ కట్టాడు, నీళ్లకు సందులు కూడా వదిలాడు. గోడకూ గట్టుకూ మధ్య సందు నింపాలి. మేస్త్రీ మర్నాడే పైవరస వేయడానికి వస్తానన్నాడు. తొందరలో మామ పక్క క్వారీనుంచి కంకర కొట్టగా మిగిలిన క్రషర్ పొడి ట్రాక్టరు లోడు తోలించి, పారతో తోయడం మొదలుపెట్టాడు. నేను, మా ఆవిడ పోయేసరికి గుట్టముందు చెమటతో నిలబడి ఉన్నాడు. ఆపరేషన్ అయిన కన్ను చక్కగా కనిపిస్తోంది.

"రాప్పా, పార పట్టు. పొద్దుమునిగేలోపల అయిపోవాల."

వంగి పిడికెడు తీసుకున్నాను. పిసికి వదిలాను. ముద్ద కట్టింది. అరచేతికి పిండిలా అంటుకుంది.

బండి దగ్గరికి పోయి, డిక్కీలోంచి డబ్బా తెచ్చాను. పని అయిపోయినరోజు ఆయనే ఇచ్చిన నూనె డబ్బా అది. సగానికి పొడి పోసి, తట్టి, ఆవుల తొట్టిలోంచి నాలుగు వేళ్ల నీళ్లు పోశాను. మామ ఇంటిముందున్న ప్లాస్టిక్ కుర్చీ, ఆయన తప్ప ఎవరూ కూచోని కుర్చీ, తెచ్చి నీడలో వేసుకుని కూచున్నాను. మా ఆవిడ వైపు చెయ్యి చాపాను. పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె నన్ను ఏమీ అడగకుండా, వాళ్ల నాయన తమలపాకుల సంచిలోంచే ఒక ఆకు తీసి, సున్నం రాసి, వక్క పెట్టి నా చేతికిచ్చింది.

నాకు ఆకు వేసుకునే అలవాటు లేదు. నాలుక మండింది. అయినా నమిలాను. నెమ్మదిగా, ఒక్కొక్క ఈనెగా, ఆవు నెమరేసినట్టు నమిలాను. కొట్టంలో ఆవు నన్ను చూసి తన నెమరు ఆపింది. మామ పారమీద గడ్డం ఆనించి డబ్బా వైపు చూస్తున్నాడు. నీళ్లు పైనే నిలబడి ఉన్నాయి, అందులో ఆకాశం కదలకుండా కనిపిస్తోంది. పోయి ఉమ్మి వచ్చాను. నోరు పుక్కిలించాను. ఆవుల పాల గురించి రెండు మాటలు అడిగాను. మళ్లీ తొంగిచూశాను.

"మామా" అన్నాను, ఎంత మర్యాద చూపగలనో అంతా చూపించి, "కడిగి తేప్పా. ఇంగొకసారి."